ట్యాంకు కారితే ముందు దూదిని అడగండి

ఇ-సిగరెట్ కోసం నేను కొన్న మొదటి రీబిల్డబుల్ ట్యాంకు (లిక్విడ్ నింపే చిన్న గాజు డబ్బా) వారం తిరక్కుండానే నా తెల్ల చొక్కా జేబు కింద అరచేయంత మరక పెట్టింది. ఆఫీసు లిఫ్టులో ఉన్న నలుగురూ స్ట్రాబెర్రీ వాసన ఎక్కడి నుంచి వస్తోందా అని చుట్టూ చూశారు. లోపం ట్యాంకుదే అనుకొని ఇంకొకటి కొన్నాను. అదీ కారింది. మూడోది కూడా కారిన రోజున తెలిసింది, ఆ మూడింటికీ దూది వత్తి పెట్టిన చేయి ఒక్కటేనని.

కాబట్టి కొత్త ట్యాంకు కొనే ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. మనమే కాయిల్ (లిక్విడ్‌ను వేడిచేసే తీగ చుట్ట) బిగించి, మనమే దూది పెట్టుకునే ఈ ట్యాంకులు కారడానికి చాలాసార్లు కారణం దూదే. రబ్బరు రింగులు, గాజు, లిక్విడ్ పలచదనం, జేబులోని వేడి ఆ తర్వాత వస్తాయి. నా అనుభవంలో ఈ వరుసలో వెతికితే వృథా శ్రమ తగ్గింది.

ఇది ఎవరి కోసమో కూడా చెప్పాలి. నేను ఉండేది ఇంగ్లండులో. ఇక్కడ పద్దెనిమిదేళ్లు నిండినవారికి వేపింగ్ పరికరాలు అమ్మవచ్చు. సిగరెట్ మానడానికి దీన్ని ఆసరా చేసుకున్న నాలాంటివారి కోసమే ఈ రాత. పొగతాగే అలవాటే లేనివారు దీని జోలికి రావద్దు. సిగరెట్ కన్నా హాని తక్కువే తప్ప హాని లేనిది కాదు, నికోటిన్ ఒకసారి పట్టుకుంటే అంత తేలికగా వదలదు. భారతదేశంలో 2019లో చేసిన చట్టం ప్రకారం ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రచారం అన్నీ నిషేధం. మొదటిసారి దొరికినా ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. హైదరాబాద్ విమానం ఎక్కేటప్పుడు ఈ సామానంతా ఇక్కడే వదిలి వెళ్లండి.

ముందుగా: ట్యాంకులో లిక్విడ్ ఎందుకు ఆగుతుంది?

ఇది అర్థమైతే మిగతాదంతా మీకే తోస్తుంది. మన ఇళ్లలో ఇరవై లీటర్ల నీళ్ల క్యాను స్టాండు మీద బోర్లించి పెడతాం. మూత లేని క్యాను, మూతి కిందికి. అయినా నీళ్లన్నీ ఒక్కసారిగా దూకవు. కుళాయి తిప్పినప్పుడు కొన్ని నీళ్లు దిగుతాయి, ఆ చోటును నింపడానికి ఒక పెద్ద గాలి బుడగ గుడగుడమంటూ పైకి వెళుతుంది, మళ్లీ అంతా నిలిచిపోతుంది. నీళ్లపైన చిక్కుకున్న గాలి ఒత్తిడి బయటి గాలి కన్నా కాస్త తక్కువగా ఉండటమే నీటిని ఆపుతోంది. అదే క్యానుకు పైభాగంలో వెంట్రుకంత పగులు ఉందనుకోండి, గాలి అటునుంచి జొరబడుతుంది, స్టాండు గిన్నె నిండి నేలంతా నీళ్లవుతాయి.

మీ ట్యాంకు అచ్చంగా ఆ క్యానే. గాజులో లిక్విడ్, దాని పైన కొంచెం గాలి. అడుగున కాయిల్ ఉండే గది, ఆ గదికి బయటి నుంచి గాలి వచ్చే రంధ్రాలు. గాజుకూ గదికీ మధ్య లిక్విడ్ దిగే చిన్న కాలువలు, ఆ కాలువల నోట్లో దూది తోకలు. మీరు పీల్చినప్పుడు వత్తిలోని లిక్విడ్ ఆవిరవుతుంది, వత్తి మరికాస్త తాగుతుంది, బదులుగా ఒక బుడగ పైకి పోతుంది. దూది అక్కడ కుళాయి పని చేస్తోంది. ఆ కుళాయి వదులైనా, పైన ఎక్కడైనా గాలికి దొంగదారి దొరికినా లిక్విడ్ గదిలోకి దిగి, గాలి రంధ్రాల్లోంచి మీ చేతికి వస్తుంది. కనుక లిక్విడ్ ఎటు పోతోందని చూస్తే సగమే తెలుస్తుంది, గాలి ఎటునుంచి దూరుతోందని కూడా చూడాలి.

మొదటి పని: నిజంగా కారుతోందా?

ట్యాంకు అడుగున రెండు చుక్కలు కనబడగానే దాన్ని విప్పేయకండి. ఆవిరి చల్లబడి చిమ్నీ (ఆవిరి నోటికి వచ్చే గొట్టం) గోడల మీదా గాలి రంధ్రాల చుట్టూ తేమగా పేరుకుంటుంది, ముఖ్యంగా ఇక్కడి చలికాలంలో. రోజుకు ఒకటి రెండు చుక్కలు, గాజులో మట్టం తగ్గకపోవడం, తుడిస్తే కొన్ని గంటల వరకు మళ్లీ రాకపోవడం దీని గుర్తులు. దీనికి మందు కాగితపు రుమాలు, అంతే.

మట్టం కళ్లముందే దిగుతుంటే, పీల్చినప్పుడు హుక్కాలాగా గురగుర వినిపిస్తుంటే, నోట్లోకి వేడి చుక్కలు చిమ్ముతుంటే అది కారడమే.

రెండో పని: తడి ఎక్కడ మొదలైందో పట్టుకోండి

ట్యాంకును మోడ్ (బ్యాటరీ, బటన్ ఉండే భాగం) నుంచి విప్పండి. బయటంతా పొడిగా తుడవండి. పలచని టిష్యూను సన్నని పట్టీలుగా చింపి మూడు చోట్ల చుట్టండి: పై మూతకూ గాజుకూ మధ్య, గాజు అడుగు అంచుకు, గాలి రంధ్రాల చుట్టూ. నాలుగో ముక్కను బల్ల మీద పరిచి ట్యాంకును దాని మీద నిలబెట్టండి. గంట ఆగండి.

గాలి రంధ్రాల దగ్గరి పట్టీ తడిస్తే నేరం దాదాపుగా వత్తిదే, లేదా నింపిన పద్ధతిది. గాజు అంచు పట్టీ తడిస్తే రింగో, గాజో. అడుగున మోడ్‌కు తగిలే పిన్ను దగ్గరే తడిస్తే కాయిల్ బిగించే డెక్‌కూ అడుగు భాగానికీ మధ్య ఉన్న చిన్న రింగును చూడాలి. పై పట్టీ తడిస్తే మూత రింగు. అయితే పై మూత దగ్గర బయటికి చుక్క రాకపోయినా లోపలికి గాలి పోతూ ఉండవచ్చు. అప్పుడు తడి కనబడేది మాత్రం కింద గాలి రంధ్రాల దగ్గరే. వత్తి రెండుసార్లు సరిగ్గా పెట్టినా కారుతుంటే పై మూత రింగును అనుమానించమనేది అందుకే.

మూడో పని: వత్తి

ఇక్కడ నిదానించండి. మిగతా పనులు ఐదేసి నిమిషాలవి, ఇది చేతికి అలవాటు కావాల్సిన విద్య.

దూది ఎంపిక ముందు. మా అత్తగారు ఊరి నుంచి దీపం వత్తులకని పంపిన దూదితో ఒకసారి ప్రయోగం చేశాను. లిక్విడ్ చుక్క దాని మీద తామరాకు మీద నీటిబొట్టులా నిలబడింది. తర్వాత తెలిసింది: శుద్ధి చేయని దూదికి సహజంగా మైనపు పొర ఉంటుంది. అది నూనెను తాగుతుంది, నీటి స్వభావం ఉన్నవాటిని తోసేస్తుంది. మన లిక్విడ్‌లో ఉండేవి గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, రెండూ నీటి కోవవే. అందుకని ఆ పొర తీసేసిన పీల్చుకునే దూది కావాలి. జపాన్ దూది పలకలు గానీ, ఈ పనికే తాళ్లలా చేసి అమ్మే దూది గానీ తీసుకోండి. పలకలైతే పైనా కిందా ఉన్న గట్టి పొరను ఒలిచి పారేయండి.

కాయిల్‌ను డెక్ మధ్యలో, గాలి రంధ్రానికి సూటిగా పైన నిలపండి. నోటితో సిగరెట్‌లా నెమ్మదిగా పీల్చే రకం ట్యాంకుకు 28 గేజ్ కాంథాల్ (కాయిళ్లకు వాడే మిశ్రలోహం) తీగను 2.5 మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరు చుట్లు చుడితే సుమారు 1 ఓమ్ వస్తుంది. నాకు అది చాలు. మోడ్ మీద ఓమ్ విలువ నిలకడగా ఉందో లేదో చూసి, తక్కువ వాట్లతో మధ్య నుంచి అంచులకు సమానంగా ఎర్రబడేలా చేసి, పూర్తిగా చల్లారాకే దూది తీయండి.

కాయిల్ లోపల దూది ఎంత ఉండాలి? ఒక కొసను సన్నగా నలిపి కాయిల్‌లోంచి లాగండి. దూది జరిగేటప్పుడు వేలికి కొద్దిపాటి పట్టు తెలియాలి, కాయిల్ మాత్రం దానితోపాటు వంగకూడదు. చొక్కా గుండీ కొత్త కాజాలోంచి వెళ్లినంత పట్టు అన్నమాట. వదులుగా జారిపోతే కాయిల్ చుట్టూ ఖాళీలు మిగిలి గదిలో లిక్విడ్ చేరుతుంది. మరీ బిగుతైతే లిక్విడ్ కాయిల్‌ను చేరదు, గొంతులో కాలిన దూది ఘాటు తగులుతుంది. దీపం వత్తిని గట్టిగా మెలిపెడితే నూనె ఎక్కక కొడిగట్టినట్టే ఇదీ. దూదిని ఎప్పుడూ మెలిపెట్టవద్దు, పోగులన్నీ ఒకే వైపు పడుకొని ఉండాలి.

ఇక తోకలు. కారడం, కారకపోవడం తేలేది ఇక్కడే.

రెండు వైపులా వేలాడుతున్న దూదిని డెక్ బయటి అంచుకు సమంగా, కొంచెం ఏటవాలుగా కత్తిరించండి. కొత్తలో ఒక మిల్లీమీటరు ఎక్కువే ఉంచండి, తర్వాత తగ్గించుకోవచ్చు, అతికించడం మాత్రం కుదరదు. పట్టకారు కొసతోనో, సన్నని దువ్వెనతోనో తోకలను మెల్లగా దువ్వి వదులు పోగులను లాగేయండి. కాయిల్ దగ్గర నిండుగా, కొస దగ్గర పలచగా, పూలజడ చివరిలా దిగాలి. ఆ తర్వాత తోకను కాలువలోకి దించండి. దించండి అంటున్నాను, కూరమని కాదు. కాలువ నోరు ఎడమ నుంచి కుడి దాకా పూర్తిగా మూయాలి, ముఖ్యంగా మూలలు. నడుమ దిట్టంగా ఉండి మూల దగ్గర చీమ దూరేంత ఖాళీ ఉన్నా లిక్విడ్ ఆ సందులోంచే దిగిపోతుంది. కొత్తగా చేసేవారు కారుతోందని భయపడి ఇంకా దూది కూరుతారు. కూరిన దూది ముద్దకట్టి మూలలను వదిలేస్తుంది, దాంతో నడుమ ఎండిపోతుంది, పక్కల కారుతుంది. ఒకే ట్యాంకు మాడుతూ, కారుతూ ఉంటే కారణం ఇదే అనుకోండి.

తోక కొస కాలువ అడుగును తాకాలి, దాన్ని దాటి గాజులోకి వేలాడకూడదు. అలా వేలాడే కొసను గాజు అంచో, మరో భాగమో బిగించేటప్పుడు కరుచుకుంటుంది. రింగు కింద నాలుగు పోగులు చిక్కినా చాలు, అవే కొత్త వత్తులై లిక్విడ్‌ను బయటికి మోస్తాయి.

ట్యాంకును బట్టి కాలువ తీరు మారుతుంది. బెర్లిన్‌లోని స్వోయెమెస్టో తయారుచేసే కేఫన్ తరహా ట్యాంకుల్లో కాలువలు సన్నవి, తోకలను వాటిమీద దుప్పటిలా పరిస్తే చాలు, లోపలికి తోసే పని లేదు. గీక్‌వేప్ వారి జియస్ లాంటి వాటిలో గాలి పైనుంచి లోపలికి వచ్చి కిందికి మళ్లుతుంది. గాలి రంధ్రాలు పైన ఉండటం వల్ల గదిలో కాస్త లిక్విడ్ చేరినా వెంటనే బయట పడదు, గురగురతోనే హెచ్చరిస్తుంది. కారే బెడద నిజంగా భరించలేనివారికి నేను ఇచ్చే సలహా పైగాలి ట్యాంకే. కిందిగాలి ట్యాంకులో రుచి బాగుంటుందని వాదించేవారున్నారు. ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ రుచి కోసం జేబులో రుమాలు మోయడానికి మీరు సిద్ధమా అన్నదే ప్రశ్న.

చివరిగా తడపడం. పొడిగా ఉన్నప్పుడు నిండుగా కనిపించిన దూది తడవగానే కుంగుతుంది. అందుకే ట్యాంకు మూసే ముందు కాయిల్ మీదా రెండు తోకల మీదా చుక్కలు వేసి, బాగా నాననిచ్చి, కాలువల వైపు మళ్లీ ఒకసారి చూడండి. తడిశాక మూలలో సందు తెరుచుకుందా? పట్టకారుతో రెండు పోగులను అటు జరపండి. మొత్తం పనిలో నేను చాలాకాలం చేయకుండా వదిలేసిన పని ఇదొక్కటే. మూడు ట్యాంకులు కొనిపించింది కూడా ఇదే.

నాలుగో పని: రింగులు, గాజు, మరలు

రబ్బరు రింగులను ఒక్కొక్కటిగా తీసి వెలుతురులో చూడండి. కోసుకుపోయినవి, నొక్కుకుపోయి చదునైనవి, ఉబ్బి గాడిలో నిలవనివి మార్చేయండి. పెట్టెలో వచ్చే చిన్న సంచిలోని విడి రింగులు దీనికోసమే, పారేయకండి. కొత్త రింగు ఎక్కించేటప్పుడు ఒక చుక్క లిక్విడ్ రాయండి, జారుతూ కూర్చుంటుంది. వాజిలైన్, కొబ్బరినూనె లాంటివి మాత్రం రాయవద్దు. సిలికాన్ రింగులను అవి పాడుచేయవచ్చు, పైగా నూనె ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

గాజు అంచు మీద గోరు నడపండి. గోటికి తగిలే పెచ్చు ఉంటే గాజు మార్చాలి. ప్లాస్టిక్ గొట్టమున్న ట్యాంకులో నిమ్మ, దాల్చినచెక్క రుచుల లిక్విడ్ పోస్తే అది బీటలు వారవచ్చు, వాటికి గాజే మేలు. మర తేలిగ్గా తిరగకపోతే బలం ప్రయోగించకుండా వెనక్కి తిప్పి మళ్లీ పట్టించండి. బిగించడానికి వేళ్ల బలం చాలు. ఎంత గట్టిగా బిగిస్తే అంత కారదనేది భ్రమ, నలిగిన రింగు త్వరగా కోసుకుపోతుంది.

ఐదో పని: నింపే పద్ధతి

ఇక్కడి 2016 నిబంధనల ప్రకారం ట్యాంకు 2 మిల్లీలీటర్లకు మించకూడదు, నికోటిన్ ఉన్న లిక్విడ్ సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు. అంటే ఎక్కువ వాడేవారు రోజుకు రెండు మూడుసార్లు మూత తీయాల్సిందే. మూత తీసిన ప్రతిసారీ నీళ్ల క్యాను పైన చిల్లు పెట్టినట్టే. బయటి గాలి లోపలికి వచ్చేస్తుంది, లిక్విడ్‌ను ఆపడానికి దూది బలం తప్ప మరేమీ మిగలదు. అందుకే వరుస తప్పకుండా చేయండి.

గాలి రింగును (గాలి రంధ్రాలను తెరిచి మూసే, చేత్తో తిప్పే పట్టీని) పూర్తిగా మూయండి. మూత తీసి, సీసా మొనను రంధ్రంలోకి పెట్టి, చిమ్నీలో పడకుండా పక్కగా పోయండి. అంచు దాకా నింపకండి, పైన రెండు మూడు మిల్లీమీటర్ల గాలి ఉండాలి. మూత వెంటనే పెట్టేయండి, సీసా మూత వెతుక్కోవడం తర్వాత. ఇప్పుడు ట్యాంకును తలకిందులుగా పట్టుకొని, అలాగే ఉంచి గాలి రింగు తెరవండి. ఐదారు సెకన్లు ఆగి నిలబెట్టండి.

తలకిందులు ఎందుకంటే, మూత బిగిస్తున్నప్పుడు లోపలి గాలి కొంత నొక్కుకుంటుంది. ట్యాంకు నిటారుగా ఉంటే ఆ ఒత్తిడి లిక్విడ్‌ను దూదిలోంచి గదిలోకి తోస్తుంది. తిరగేస్తే గాలే కాలువల వైపు చేరుతుంది, దూదిలోంచి గాలే బయటికి పోతుంది, లిక్విడ్ మూత వైపు దిగి కూర్చుంటుంది. నా వరకు, వత్తి తర్వాత అతి ఎక్కువ చుక్కలను వృథా కాకుండా మిగిల్చిన పద్ధతి ఇది. లిక్విడ్ మీద 10 మిల్లీలీటర్లకు 2 పౌండ్ల 20 పెన్నీల సుంకం 2026 అక్టోబర్ 1 నుంచి వేస్తామని ప్రభుత్వం ప్రకటించాక ఆ చుక్కల మీద నాకు మమకారం ఇంకా పెరిగింది.

ఆరో పని: పీల్చే తీరు, లిక్విడ్, వాట్లు

సిగరెట్టో బీడీయో కాల్చినవాళ్లకు బుగ్గలు లోపలికి పోయేలా లాగడం అలవాటు. గాలి రింగు ఇరుకుగా పెట్టి అలా లాగితే గదిలో ఒత్తిడి బాగా పడిపోతుంది, వత్తి ఆవిరి చేయగలిగే దానికన్నా ఎక్కువ లిక్విడ్ దూసుకొస్తుంది. మెల్లగా, టీ ఆవిరి పీల్చినట్టు పీల్చండి. గురగుర మొదలైతే గాలి రింగును ఒక గీత తెరవండి. బటన్ నొక్కకుండా ఉత్తినే లాగడం కూడా మానుకోండి, అదీ గదిని నింపే పనే.

వాట్లు మరీ తక్కువ పెట్టినా ఇదే జరుగుతుంది: దిగిన లిక్విడ్ పూర్తిగా ఆవిరి కాదు, మిగిలింది అడుగున చేరుతుంది. పైన చెప్పిన 1 ఓమ్ కాయిల్‌కు నేను 13 నుంచి 15 వాట్లు వాడతాను. 9 వాట్ల దగ్గర అది గురగురలాడుతుంది.

గ్లిజరిన్ చిక్కనిది, ప్రొపిలీన్ గ్లైకాల్ పలచనిది. రెండూ సగం సగం ఉండే లిక్విడ్ సన్న కాలువల ట్యాంకులకు సరిపోతుంది. కాలువలు వెడల్పుగా ఉండి, కాయిల్ పెద్దదైతే గ్లిజరిన్ 70 శాతం ఉన్నది పోయండి. వెడల్పు కాలువల్లో పలచనిది పోసి ట్యాంకును తిట్టడం న్యాయం కాదు. ఎండలో ఉంచితే చిక్కనిది కూడా పలచబడుతుంది, పైనున్న గాలి వ్యాకోచించి దాన్ని కిందికి నెడుతుంది. వేసవిలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. బ్యాటరీకి కూడా అది మంచి చోటు కాదు.

ప్రయాణంలో, నిద్రలో

రాత్రి గాలి రింగు మూసి నిటారుగా నిలబెట్టండి. నేను ఒక ఖాళీ గాజు గ్లాసులో పెడతాను, పిల్లి తోసినా పడదు. సంచిలో అడ్డంగా పడి ఉంటే ఒక కాలువ లిక్విడ్‌లో, మరొకటి గాలిలో ఉండిపోతాయి. గాలిలో ఉన్న తోకలోంచి లోపలికి గాలి పోతుంది, మునిగిన తోకలోంచి లిక్విడ్ బయటికి వస్తుంది.

విమానంలో అయితే ట్యాంకును ఖాళీ చేసే ఎక్కండి. క్యాబిన్‌లోని గాలి ఒత్తిడి నేల మీద ఉండే దానికన్నా బాగా తక్కువ, ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత. ట్యాంకులో చిక్కిన గాలి అక్కడ ఇంచుమించు మూడో వంతు దాకా ఉబ్బుతుంది. 1 మిల్లీలీటరు గాలి ఉంటే దాదాపు 0.3 మిల్లీలీటర్ల లిక్విడ్ మీ సంచిలోకి వెళుతుందన్నమాట. ఏ వత్తీ దాన్ని ఆపలేదు. మోడ్, బ్యాటరీలు చేతి సామానులోనే పెట్టాలి, బ్యాటరీలు విడి పెట్టెలో. దిగబోయే దేశం చట్టమేమిటో ముందే చూసుకోండి. భారత్ సంగతి పైనే చెప్పాను, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో కూడా నిషేధమే.

కారాక చేయాల్సినవి

ముందు ట్యాంకును మోడ్ నుంచి వేరు చేయండి. మోడ్ ఆపి, బ్యాటరీ తీసి, మర గుంతను పొడి ఇయర్‌బడ్‌తో తుడవండి. తడి లోపలికి దిగిందనిపిస్తే పూర్తిగా ఆరేదాకా బ్యాటరీ పెట్టకండి. బ్యాటరీ మీది ప్లాస్టిక్ తొడుగు చిరిగి ఉంటే దాన్ని వాడవద్దు. ఇందులో మాత్రం పొదుపు పనికిరాదు.

గదిలో నిండిన లిక్విడ్‌ను బయటికి పంపాలంటే గాలి రంధ్రాల చుట్టూ టిష్యూ కప్పి, పై మూతిలోంచి మెల్లగా ఊదండి. రెండు మూడుసార్లు ఊదితే గురగుర పోతుంది. ఒక్కసారి నిండితే ప్రమాదవశాత్తూ అనుకోండి. రోజూ నిండుతుంటే మూడో పనికి వెళ్లండి. దూది గోధుమరంగుకు తిరిగినా, తీపి లిక్విడ్ మాడి కాయిల్ మీద నల్లగా పేరుకున్నా వత్తి మార్చే సమయమైంది. నేను వారానికోసారి మారుస్తాను. విడిభాగాలను గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా గిన్నెల సబ్బు కలిపి కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే కూర్చండి.

చేతికి అంటిన లిక్విడ్‌ను వెంటనే కడుక్కోండి, నికోటిన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. బల్ల మీద చుక్కలు, తడి టిష్యూలు పిల్లలకు, పెంపుడు జంతువులకు అందే చోట ఉండనివ్వకండి. పండ్ల వాసనకు పిల్లలు చేయి చాస్తారు. ఎవరైనా లిక్విడ్ మింగితే ఆలస్యం చేయకుండా వైద్యసాయం కోసం ఫోను చేయండి.

ఇన్ని చేసినా కారే ట్యాంకులు లేకపోలేదు. వత్తి రెండు విధాలుగా పెట్టి చూశారు, రింగులన్నీ మార్చారు, గాజు కొత్తది, టిష్యూ పట్టీ మాత్రం ఇంకా తడుస్తూనే ఉంది. అప్పుడు మర అరిగిపోయి ఉండాలి, లేదా డెక్ వంగి ఉండాలి. దానికి ఇంట్లో చేసే వైద్యం లేదు. పనికొచ్చే గాజును, రింగులను విడిభాగాల డబ్బాలో వేసుకొని, మిగిలినదాన్ని చెత్తబుట్టలో పడేయకుండా వేప్ దుకాణానికి తీసుకెళ్లండి. ఇక్కడ వీటిని అమ్మే దుకాణాలు పాతవాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలని నిబంధన ఉంది.